ముందు చక్రంలో గాలి

నాకు అనుమానం ఎక్కువ. మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే, ఇంట్లో పిల్లి తుమ్మినా దాని వెనక ఎవరున్నారో కనుక్కోనిదే నాకు ముద్ద దిగదు. ముప్ఫై ఏళ్ళుగా సైకిళ్ళు బాగుచేస్తున్నవాడికి ఈ గుణం రాక ఏ గుణం వస్తుంది? "ఊరికే తొక్కుతుంటే గాలి పోయింది" అంటాడు ప్రతివాడూ. విప్పి చూస్తే టైరులో వేలెడు మేకు. మనిషి చెప్పేది ఒకటి, చక్రం చెప్పేది ఒకటి. నేనెప్పుడూ చక్రం మాటే నమ్ముతాను.

అలాంటి నేనే ఒక చిన్న పనికి బద్ధకించాను. అదేమిటో చెప్పాలంటే ముందు మా బొంగరం గురించి చెప్పాలి.

బొంగరం మా అమ్మాయి. ఒక్కచోట కుదురుగా నిలబడదని చిన్నప్పుడు మా అమ్మ పెట్టిన పేరు. ఇరవై ఏళ్ళొచ్చినా ఇంట్లో ఆ పేరే. ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చే ఒక బృందంలో చేరాలని దానికి ఎప్పటినుంచో కోరిక. వాళ్ళు రమ్మన్నారు. కాకపోతే వచ్చే సోమవారం వాళ్ళముందు ఒంటి చక్రం సైకిలు తొక్కి చూపించాలట. ఎనిమిది రోజులు గడువు. అలాంటి సైకిలు ఏ దుకాణంలోనూ దొరకలేదు.

"మా నాన్న చెయ్యలేనిది ఉందా?" అంది వాళ్ళమ్మతో, నాకు వినబడేలా.

ఆ మాటకి పడిపోని తండ్రిని నేనింకా చూడలేదు. మర్నాడే పాత సామాన్ల మనిషి దగ్గరికి వెళ్ళాను. ఇనుప కుప్ప వెనక ఒక పాత సైకిలు కనబడింది. తుప్పు పట్టింది గానీ వెనక చక్రం వంకర లేకుండా ఉంది. హ్యాండిలు వెనక కడ్డీ మీద చిన్న పిల్లల్ని కూర్చోబెట్టుకునే బుల్లి సీటు. మడ్‌గార్డుల లోపల ఎండిపోయిన పచ్చటి నాచు.

"ఇదెక్కడిది?" అన్నాను.

"నేనేమీ దొంగతనం చెయ్యలేదు" అన్నాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది. మళ్ళీ అడిగాను. నా మొహంలోకి చూడకుండా తక్కెడ తుడుచుకుంటూ కూర్చున్నాడు. అనుమానం వచ్చింది. వచ్చినా తెచ్చుకున్నాను. పిల్ల ముచ్చట ముందు నా అనుమానం ఏపాటిది!

నాకు పని నేర్పిన మేస్త్రికి ఒక పట్టింపు ఉండేది. ఏ సైకిలునైనా కోసేముందు రెండు చక్రాల వాల్వులూ విప్పి, గాలి వదిలి, పది నిమిషాలు ఆగేవాడు. ఆ తర్వాతే రంపం పట్టేవాడు. "గాలి లేని చక్రమైనా సరే, వాల్వు పిన్ను బయటికి తియ్యి. ఎన్నాళ్ళో మనుషుల్ని మోసింది. మోసినదేదో లోపల ఉండిపోకూడదు" అనేవాడు. ఎందుకని అడిగితే మొట్టికాయ వేసేవాడు. నేను ముప్ఫై ఏళ్ళూ ఆ పద్ధతి తప్పలేదు. ఆ రోజు వెనక చక్రం వాల్వు విప్పాను. ముందు చక్రంలో గాలి పూర్తిగా పోయి, టైరు నేలకి అతుక్కుపోయి ఉంది. పిన్ను తుప్పుతో బిగుసుకుంది. పటకారు లోపల ఎక్కడో ఉంది. లేని గాలిని ఏం తీస్తాంలే అనుకున్నాను.

అంతే. నేను చేసిన తప్పు అంతే.

రంపంతో కడ్డీ కోయగానే గొట్టంలోంచి నీళ్ళు కారాయి. దోసెడు నీళ్ళు, నల్లగా. కాలువ అడుగున బురద కెలికితే వచ్చే వాసన. దుకాణమంతా పట్టేసింది. మా ఆవిడ లోపల్నుంచి ముక్కు మూసుకుని వచ్చి, "ఏం తెచ్చారండీ ఇంటికి?" అంది. పాత సైకిళ్ళలో వాననీళ్ళు నిలుస్తాయని చెప్పాను. చెబుతున్నప్పుడే నాకు నా మాట నచ్చలేదు.

పని మాత్రం బాగా కుదిరింది. వెనక చక్రానికి అటూ ఇటూ సీటు దాకా వెళ్ళే రెండు సన్నటి కడ్డీలుంటాయి చూడండి, వాటిని నిటారుగా నిలబెట్టి, వాటి నెత్తిన సీటు బిగించాను. చైను తీసేసి పెడళ్ళని నేరుగా ఇరుసుకే వెల్డింగ్ చేశాను. పెడలు తిరిగితే చక్రం తిరగాలి, ఆగితే ఆగాలి. బ్రేకూ లేదు, హ్యాండిలూ లేదు. వెనక చక్రానికి కొత్త ట్యూబు వేశాను. మిగిలిన ముందు సగాన్ని, అంటే హ్యాండిలు, బుల్లి సీటు, ముందు చక్రం ఉన్న ముక్కని, వెనకగదిలో కొక్కేనికి తగిలించాను. పాత ఇనుము ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది కదా.

ఒంటి చక్రం మీద నాలుగు గజాలు వెళ్ళడానికి ఎవరికైనా రెండు మూడు వారాలు పడుతుంది. మోకాళ్ళు చెక్కుకుపోవాలి, మోచేతులు వాయాలి. మా బొంగరం మొదటిరోజు సాయంత్రానికే వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చింది. మా ఆవిడ దిష్టి తగులుతుందని కంగారుపడింది. నేను చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాను.

దాని చేతులు...

ఒంటి చక్రం తొక్కేవాళ్ళు చేతులు రెండూ పక్కలకి బార్లా చాపుతారు. లేకపోతే నిలబడలేరు. ఇది రెండు చేతులూ ముందుకి చాపి, పిడికిళ్ళు బిగించింది. ఏదో పట్టుకున్నట్టు.

"చేతులలా పెట్టావేమే?" అన్నాను దిగాక.

"ఇలా అయితే పడిపోవట్లేదు నాన్నా. ముందునుంచి ఎవరో పట్టుకున్నట్టే ఉంటుంది" అని నవ్వింది.

నవ్వు రాలేదు నాకు. ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ, "పిల్ల పడితే దిగులు, పడకపోతే అనుమానం. మీతో వేగడం నావల్ల కాదు బాబూ!" అంది. నిజమే అనిపించింది. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా. ఎలాగో నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

రెండోరోజు వెనకగదిలోకి నట్లడబ్బా కోసం వెళ్ళాను. కొక్కేనికి వేలాడుతున్న ముక్కలో హ్యాండిలు ఎడమవైపుకి తిరిగి ఉంది. నేను తిన్నగానే పెట్టినట్టు గుర్తు. సరిచేశాను. మూడోరోజు మళ్ళీ ఎడమవైపే. "ఇటు వచ్చావా?" అని మా ఆవిడని అడిగితే, ఆ కంపు గదిలోకి నేనెందుకొస్తానంది. గది నిజంగానే కంపు కొడుతోంది. హ్యాండిలు కింద నేల మీద రూపాయి బిళ్ళంత తడి ఉంది. పైన కప్పు ఎండిపోయి ఉంది.

వెనకగదికి ఎడమపక్క ఒక కిటికీ ఉంది. అందులోంచి చూస్తే పక్కవీధి కనబడుతుంది. బొంగరం తొక్కేది అక్కడే. ఆ వీధి కొంతదూరం తిన్నగా వెళ్ళి, దీపస్తంభం దగ్గర రెండుగా చీలుతుంది. కుడివైపు తిరిగితే మళ్ళీ మా దుకాణం ముందుకి వస్తాం. ఎడమవైపు పల్లం. పల్లం చివర కాలువ.

నాలుగోరోజు సాయంత్రం మబ్బు పట్టింది. కరెంటు పోయింది. దుకాణంలో కళ్ళు కనబడక, పని ఆపేసి వెనకగదిలోకి వెళ్ళాను. బయట బొంగరం తొక్కుతోంది. దాని చక్రం రోడ్డు మీద రాసుకునే చప్పుడు వినబడుతోంది. గదిలో బురద వాసన, ఇదివరకటికంటే ఘాటుగా. ఎక్కడో చుక్క... చుక్క... నీళ్ళు పడుతున్న చప్పుడు.

కిర్రుమంది.

హ్యాండిలు మెల్లగా కుడివైపుకి తిరిగింది. నా కళ్ళముందే. కిటికీలోంచి చూశాను. ఆ తర్వాత, ఒక్క క్షణం తర్వాత, బొంగరం కుడివైపుకి తిరిగింది.

అది తిరిగాక హ్యాండిలు తిరగలేదు. హ్యాండిలు తిరిగాక అది తిరిగింది.

ఆ ముక్కకున్న చక్రం గాలిలో తిరుగుతోంది, చప్పుడు లేకుండా. బుల్లి సీటు తడిసి మెరుస్తోంది. బొంగరం ఒక చుట్టు పూర్తిచేసి మళ్ళీ పక్కవీధిలోకి వచ్చింది. వేగం పెరిగింది. అదే ముందుకి చాపిన చేతులు. ఈసారి దాని మొహంలో నవ్వు లేదు.

కిర్రుమని హ్యాండిలు ఎడమవైపుకి తిరిగింది.

"బొంగరం! దిగు!" కిటికీ ఊచలు పట్టుకుని అరిచాను.

"రావట్లేదు నాన్నా... కాళ్ళు ఆగట్లేదు..."

"కుడివైపు తిప్పు!"

"నేను తిప్పట్లేదు నాన్నా!"

దీపస్తంభం దాటింది. ఎడమవైపు. పల్లం.

పరిగెత్తితే అందుకోలేను. ఆ సంగతి నాకు తెలుసు. వెనక్కి తిరిగి హ్యాండిలు రెండుచేతులా పట్టుకున్నాను. మంచుముక్కలా ఉంది. కుడివైపుకి తిప్పాను. తిరగలేదు. ఎవరో అవతలనుంచి పట్టుకున్నట్టు ఎదురు తిరిగింది. బలమంతా పెట్టాను. కొద్దిగా కదిలింది. కిటికీలో బొంగరం తూలింది, మళ్ళీ నిలదొక్కుకుంది, ఇంకా కిందికి...

బ్రేకులు! హ్యాండిలుకి బ్రేకు పిడులున్నాయి. వాటి కడ్డీలు నేనే కోసేశాను. ఇప్పుడవి దేనికీ తగులుకుని లేవు. అయినా రెండూ కలిపి నొక్కాను. వేళ్ళు తెల్లబడేదాకా నొక్కాను.

బయట చక్రం కీచుమంది.

వెళ్ళేసరికి కాలువ గట్టు మీద పడి ఉంది. నీటికి మూరెడు దూరంలో. ఒక్క గీత లేదు ఒంటి మీద. నా పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఎత్తుకుని గుండెలకి హత్తుకుంటే మంచులా చల్లగా ఉంది.

"బ్రేకు నువ్వే వేశావా నాన్నా?" అంది, గుసగుసగా.

దాని అరచేతులు రుద్దాను.

"నా ముందు ఎవరో కూర్చున్నారు నాన్నా. చిన్నవాళ్ళు. వీపు నాకు ఆనించి... తడిగా ఉంది... వద్దు వద్దని ఏడుస్తున్నారు."

ఇంకా వాన మొదలుకాలేదు. గట్టు పొడిగా ఉంది. దాని చొక్కా మాత్రం ముందువైపు, గుండెలనుంచి నడుందాకా, తడిసి ముద్దయి ఉంది. బురద వాసన.

ఇంటికి తెచ్చి, పొడిబట్టలు కట్టి, రెండు దుప్పట్లు కప్పాం. వెంటనే నిద్రపోయింది. మా ఆవిడ దాని కాళ్ళు రుద్దుతూ కూర్చుంది. కాలువలో మునిగిన సైకిలు, బుల్లి సీటులో పసివాళ్ళు. మోసినదేదో లోపల ఉండిపోకూడదన్న మేస్త్రి మాట నాకప్పుడు గుర్తొచ్చింది. పటకారు తీసుకుని వెనకగదిలోకి వెళ్ళాను.

ముందు చక్రం టైరు నొక్కి చూశాను. రాయిలా ఉంది. నాలుగురోజుల కిందట నేలకి అతుక్కుపోయిన టైరు. దానికి ఎవరూ గాలి కొట్టలేదు.

పటకారుతో వాల్వు తిప్పాను. తుప్పు విరిగింది. పిన్ను ఊడి నా చేతిలోకొచ్చింది. పిన్ను తీస్తే గాలి ఒక్క క్షణంలో పోవాలి. ఇది అలా పోలేదు. సన్నగా, నెమ్మదిగా, స్ మంటూ వచ్చింది. ఆగింది. మళ్ళీ వచ్చింది. ఆగింది. నా మొహానికి తగులుతోంది. వెచ్చగా ఉంది.

ఆ చప్పుడు భరించలేక కన్నం మీద బొటనవేలు పెట్టి నొక్కాను.

"ఏమండీ!" లోపల్నుంచి మా ఆవిడ కేక. "ఏమండీ, పిల్ల ఊపిరి తియ్యట్లేదు!"

వేలు తీసేశాను. స్ మంది. లోపల మంచం మీద బొంగరం దగ్గింది. మా ఆవిడ ఏడుపు వినబడింది, ఆ తర్వాత, "అమ్మయ్య... తీస్తోంది... తీస్తోంది" అని.

చెవి పెట్టి విన్నాను. తెరిచిన తలుపులోంచి దాని మంచం కనబడుతోంది. ఇక్కడ గాలి వచ్చినప్పుడు అక్కడ దాని గుండె కిందికి దిగుతోంది. ఇక్కడ ఆగినప్పుడు పైకి లేస్తోంది.

అప్పటినుంచీ ఇక్కడే కూర్చున్నాను. తెల్లారింది. డాక్టరు వచ్చి చూశాడు. ఏమీ లేదు, అలసిపోయింది, పడుకోనివ్వండి అన్నాడు. దాన్ని ఎంత లేపినా లేవట్లేదు. పక్కనే పంపు ఉంది. పిన్ను లేకుండా ఎంత కొట్టినా గాలి నిలవదు. పిన్ను పెడితే కన్నం మూసినట్టే. ముప్ఫై ఏళ్ళలో ఎన్ని వేల చక్రాలకి గాలి కొట్టానో లెక్కలేదు. దీన్ని ఏం చెయ్యాలో మాత్రం తెలియట్లేదు.

ఇందాక టైరు మీద వేలితో నొక్కి చూశాను. నిన్నటికంటే కాస్త మెత్తబడింది.