ఒక్క గొంతే పిలవాలి

అది 2025 ఫిబ్రవరి 6, గురువారం. సాయంత్రం ఆరు గంటల పదహారు నిమిషాలు. పాతబస్తీ జహనుమాలో మగ్రిబ్ అజాన్ మొదలయ్యే వేళ.

ఖైసర్ బేగం ఇల్లు రెండు గల్లీల మధ్య ఉంటుంది. ముందు గది పెద్ద గల్లీ వైపు, వంటిల్లు వెనక సందు వైపు, నడుమ ఆకాశం కనపడే చిన్న వాకిలి. ఈ పక్క నుంచి ఆ పక్కకి పోవాలంటే వాకిలి దాటాల్సిందే. ఆమె కోడలిగా వచ్చిన తొలి వారంలోనే అత్తగారు ఒక మాట చెప్పింది. "మగ్రిబ్ వేళ వాకిట్ల ఉన్న పిల్లను ఒక్క గొంతే పిలవాలె. ఆ దర్వాజ కాడ ఒకరు, ఈ దర్వాజ కాడ ఒకరు నిలబడి పిలవొద్దు." ఎందుకని అడిగితే చెప్పలేదు సరికదా, అడిగినందుకు రెండు రోజులు మాట్లాడలేదు. అత్తగారు పోయినాక ఆ ఇంట్లో పిలిచే గొంతు ఖైసర్ బేగందే అయింది. కోడలు ఆఫ్షీన్ ఈ సంగతి విని నవ్వేది. నవ్వినా పాటించేది.

ఆ రోజు పెద్దావిడకి జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది.

మనవరాలు అలీనాకి మర్నాడు ఇంటర్ బోటనీ ప్రాక్టికల్. ట్యూషన్ సార్‌ని బతిమాలి తెచ్చుకున్న మైక్రోస్కోపుని వాకిట్లో స్టూలు మీద పెట్టి, ఆఖరి వెలుతురు అద్దంలోకి పట్టుకుంటోంది. పక్కన గాజు గ్లాసుల మీద కూర్చోబెట్టిన ఉల్లిగడ్డలు నీళ్ళలోకి తెల్లటి వేర్లు దించి ఉన్నాయి. వాకిలంతా ఉల్లి ఘాటు, రంగు మందులోని సిర్కా, అదే వెనిగర్, వాసన.

"కూరలెయ్యనీకి గడ్డ దొరకదు గని, నువ్వు గ్లాసుల మీద కూసోబెట్టి సాకుతున్నవా?" అంది ఖైసర్ బేగం, గుసగుసగా. ఉన్న గొంతు అంతే.

"లొల్లి చెయ్యకు దాదీ, నీకు గొంతు లేదు. దా, చూడు."

ఆమె కళ్ళజోడు పైకి నెట్టి వంగి చూసింది. ఎర్రటి గదుల బారు. ఒక గదిలో దారప్పోగుల్లాంటివి నడిమధ్య వరసగా నిలబడ్డాయి. పక్క గదిలో అవే పోగులు చెరిసగమై రెండు కొసలకి జరిగిపోయాయి.

"ఎవరు లాగుతున్నరు వాటిని?"

"రెండు కొసల నుంచి సన్నటి తాళ్ళుంటయి. అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి లాగుతయి. కణం రెండైపోతది. లాగకముందే లోపల నకలు తయారైపోతది దాదీ. మన డి.ఎన్.ఏ. జంట పోగు కదా, అది విడిపోయి, ఒక్కో పాత పోగు పక్కన ఒక్కో కొత్త పోగు అల్లుకుంటది. అప్పుడు రెండు జంటలు. దేంట్లో చూసినా సగం పాతది, సగం కొత్తది."

"మరి అసలుది ఏది?"

"గట్ల అడగొద్దు. రెండూ అదే."

"తల్లి ఏమైంది మరి? చచ్చిపోయిందా?"

"చావలే. పిల్లలైపోయింది, అంతే." అలీనా నవ్వింది. "రేపు ఎగ్జామినర్‌కి గిదే చెప్తే ఫుల్ మార్కులు."

ఖైసర్ బేగం నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కుని వుజూ చేసుకోవడానికి ముందు గదిలోకి వెళ్ళింది. అజాన్ మొదలైంది. అంతలోనే కరెంటు పోయింది.

మగ్రిబ్‌కి వాకిలి వైపు తలుపులు బిస్మిల్లా చెప్పి మూసేయడం ఆ ఇంటి ఆనవాయితీ. చేతులు తుడుచుకుంటూనే ఆమె గడప దగ్గరికి వచ్చి, ఉన్న కాస్త గొంతుతో "అలీనా" అంది. అదే క్షణంలో వంటింటి గడప మీద నుంచి, పాపం అత్తమ్మకి ఇవాళ గొంతు లేదు కదా అనుకుని, ఆఫ్షీన్ కూడా "అలీనా!" అని పిలిచింది. ఒకరి పిలుపు ఒకరికి వినపడలేదు. అజాన్ రెండింటినీ కప్పేసింది.

అలీనా వచ్చింది. దాదీ పక్కనే చాప మీద నిలబడి నమాజ్ చదివింది. ఆ పిల్ల ఓణీ నుంచి సిర్కా వాసన వస్తూనే ఉంది.

ప్రతి గురువారం, జుమేరాత్ రాత్రి, ఫాతిహా చదివి, ఇంటి పెద్దల పేర్లు తలచుకోవడం ఖైసర్ బేగం ఏనాడూ తప్పలేదు. భార్యాభర్తల పేర్లు జంటగా చెప్పాలి. కాగితం మీద ఎక్కడా లేవు. అత్తగారి నోటి నుంచి ఆమెకి, ఆమె నోటి నుంచి అలీనాకి. దీపం వెలిగించి కూర్చుంటుండగా ఫోను మోగింది. వంటింట్లోంచి ఆఫ్షీన్. వాకిలి తలుపులు మూసి ఉన్నాయి కదా, అరిస్తే వినపడదు.

"అత్తమ్మా, అలీనా చాయ్ తాగుతుంది. మీకు ఇచ్చి పంపనా?"

ఖైసర్ బేగం పక్కకి చూసింది. అలీనా మోకాళ్ళు ముడుచుకుని దీపం వైపు చూస్తూ కూర్చుంది.

"అలీనా నా కాడ ఉంది బిడ్డా."

"పరాచికాలా అత్తమ్మా? ఇదిగో, ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో పడేసుకుని నవ్వుతుంది." తర్వాత దూరంగా, ఆ ఫోనులోంచే, ఒక ఆడపిల్ల నవ్వు.

ఇక్కడ, పక్కనున్న అలీనా కూడా నవ్వింది. అదే నవ్వు. కాస్త ఆలస్యంగా...

ఆ పెద్దావిడ చేతిలో తస్బీ పూసలు ఆగిపోయాయి. కేక పెట్టలేదు. కేక పెట్టడానికి గొంతు ఉంటే కదా.

"ఆఫ్షీన్," అంది మెల్లగా, "నువ్వు మగ్రిబ్‌కి పిలిచినవా?"

"మీకు గొంతు లేదని... పిలిచిన."

"నేను గూడ పిలిచిన."

అవతల చాయ్ గిన్నె కింద పడ్డ చప్పుడు.

"తలుపు తియ్యకు," అంది ఖైసర్ బేగం. "ఫోను పెట్టెయ్యకు." పక్కకి తిరిగి అంది, "అలీనా, పేర్లు చెప్పు బిడ్డా."

పిల్ల చేతులు పైకెత్తి చెప్పసాగింది. "మదార్ సాహెబ్, జుబేదా బీ. ఖాసిం సాహెబ్, నన్నీ బీ. మహబూబ్ అలీ, రాబియా బేగం..."

మగవాళ్ళ పేర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆడవాళ్ళ పేర్లలో ఒక్కటీ ఈ ఇంటిది కాదు. ఆ మహబూబ్ అలీ ఖైసర్ బేగం భర్త. ఆయన పక్కన తన పేరు లేదు. ఎవరో రాబియా ఉంది. తడుముకోకుండా, ప్రేమగా చెప్పింది పిల్ల.

"నేనెవరిని బిడ్డా?"

"దాదీవి."

"నా పేరు?"

పిల్ల ఆమె మొహంలోకి చూసింది. ఏడుపు రాబోయే మొహం. "రాబియా... కాదా?"

ఫోనులో ఆఫ్షీన్ అప్పటికే తన దగ్గరున్న పిల్లని అడుగుతోంది. ఆ గొంతు వినపడింది. "బషీర్ సాహెబ్, బీజాన్ బీ. లతీఫ్ సాహెబ్, హుసేన్ బీ. యూనుస్ మియా, ఖైసర్ బేగం..."

ఆడవాళ్ళు ఒక్కరూ తప్పలేదు. మగవాళ్ళందరూ ఎవరో పరాయివాళ్ళు.

ఇక్కడ సగం. అక్కడ సగం. ఖాళీ అయిన చోటల్లా కొత్తది అల్లుకుని ఉంది.

ఖైసర్ బేగం ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. వెచ్చగా ఉంది. గోళ్ళ సందుల్లో ఎర్ర రంగు. ఇది దెయ్యమైతే భయపడి ఆయతుల్ కుర్సీ చదివి ఊదేది. ఇది దెయ్యం కాదు. తను పెంచిన పిల్లే, సగం.

"ఆఫ్షీన్, ఇను. రెండు తలుపులు తీద్దాం. నువ్వు నోరు మెదపకు. నేనొక్కదాన్నే పిలుస్త. ఒక్క గొంతు. ఒక్కటై నా కాడికొస్తది."

"రాకపోతే?"

"వస్తది."

"నా దగ్గరున్నది పోతే అత్తమ్మా? ఇది నన్ను అమ్మీ అంటుంది..."

"ఇది గూడ నీ బిడ్డే, పిచ్చిదానా."

అలీనా దాదీ చెవి దగ్గరికి వంగింది. సిర్కా వాసన గుప్పుమంది. "తియ్యకు దాదీ," అంది గుసగుసగా. "వాకిట్ల ఇంకా లాగుతున్నరు."

"ఎవరు?"

పిల్ల కళ్ళు వాకిలి తలుపు మీదే ఉన్నాయి.

ఖైసర్ బేగం బిస్మిల్లా అని గొళ్ళెం తీసింది. పిల్ల చెయ్యి వదిలి, గడప మీద నిలబడింది. ఎదురుగా వంటింటి తలుపు కిర్రుమంది. వాకిట్లో చీకటి. స్టూలు కనపడలేదు, గ్లాసులు కనపడలేదు. రెండు జతల అడుగుల చప్పుడు మాత్రం, ఆ పక్క నుంచి, ఈ పక్క నుంచి, నడిమధ్యకి...

ఆగాయి.

ఆమె ఊపిరి బిగబట్టి, జీవితంలో ఉన్న బలమంతా గొంతులోకి తెచ్చుకుని పిలిచింది. "అలీనా..."

"అలీనా! పోవొద్దు, ఆగు!"

తల్లి ప్రాణం. ఆఫ్షీన్ ఆపుకోలేకపోయింది.

తడిబట్ట చింపినట్టు ఒక చప్పుడు. మెల్లగా. చాలాసేపు. ఉల్లి ఘాటుకి కళ్ళు మండాయి. తర్వాత వంటింట్లోంచి వెనక సందు వైపు ఎవరో ఉత్తి కాళ్ళతో పరుగెత్తారు... వెనక తలుపు టపామని కొట్టుకుంది...

కరెంటు వచ్చింది.

వాకిట్లో అలీనా నిలబడి ఉంది. పక్కన అలీనా నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం లేదు. ఇద్దరూ వెనక తలుపు వైపే చూస్తున్నారు.

తెల్లవారి ఫజర్ నమాజు వేళైంది. ఖైసర్ బేగం కొడుకు, బస్సు డ్రైవరు సిరాజుద్దీన్ రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి తల్లి, భార్య చెరొక పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఇద్దరు కూతుళ్ళూ తండ్రిని చూసి ఒక్క ఊపిరిలో "అబ్బా" అని పిలిచారు. ఆయన టిఫిన్ డబ్బా కింద పెట్టి, గడప మీదే కూలబడ్డాడు. తల్లి ఆయన తల నిమురుతూ జరిగింది జరిగినట్టు చెప్పింది.

"కాలేజీకి ఎవరు పోతరు?" అంది ఆఫ్షీన్, ఏడ్చి ఏడ్చి వాచిన మొహంతో.

అయినా పిల్లలకి ఆకలేస్తుంది. నేల మీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచారు. ఖిచిడీ, పుల్లటి ఖట్టా వడ్డించారు. ఆ ఇంట్లో ఇక ఎవరినీ పేరు పెట్టి పిలవకూడదని, వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకురావాలని ఖైసర్ బేగం అందరి చేతా ఒట్టు వేయించుకుంది. ఇద్దరు పిల్లలూ తలలూపారు, ఒకరి తర్వాత ఒకరు.

అప్పుడు వెనక సందులో ఉండే ఆగమ్మ, చీర కొంగు నడుముకి దోపుకుని వంటింటి గడప దాకా వచ్చింది. మున్సిపాలిటీలో ఊడ్చే పని ఆమెది, చీకటితోనే లేస్తుంది. లోపల కూర్చున్నవాళ్ళు ఆమెకి కనపడలేదు.

"ఏందమ్మా ఆఫ్షీన్, రాత్రి పిల్లను కొట్టినవా ఏంది?" అంది. "నేను లేసేసరికి మీ అలీనా మా అరుగు మీద ముడుసుకొని పడుకుంది. చెప్పుల్లేవు. లోపలికి తీస్కపోయి దుప్పటి కప్పిన. చాయ్ తాగుతవా అంటే, చాయ్ అంటే ఏంది అంటది. పరాచికమాడుతుందేమో అనుకున్న."

ఆఫ్షీన్ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"నీ పేరేందమ్మా చెప్పు అని నేను గూడ పరాచికానికే అడిగిన," అంది ఆగమ్మ. ఇప్పుడు ఆమె గొంతు కాస్త తగ్గింది. "నవ్వింది తల్లీ. నువ్వే పెట్టు, అన్నది."

ఖైసర్ బేగం లేచి, చెప్పులు వేసుకోకుండానే, ఏ పేరూ జారిపోకుండా నోరు కొంగుతో గట్టిగా మూసుకుని, ఆగమ్మ వెనక సందులోకి నడిచింది.