బిందెలో పన్నెండు అడుగులు

ఆ ఆషాఢం మొదలయ్యేనాటికి కిరీటి చేతిలో ఉన్నవి మూడు: విజయవాడ వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టు, దాన్ని తుడిచే పసుపు గుడ్డ, బోలెడంత తీరిక. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. పెళ్లిళ్లు లేకపోతే బిందెలు కొనేవాళ్లుండరు.

అందుకే ఇబ్రహీంపట్నం నుంచి దీవెన అనే అమ్మాయి వచ్చి, "మీ కొట్లో ఓ మూల పది రోజులు ఇస్తారా అండీ? పోటీకి స్టాప్ మోషన్ సినిమా తీయాలి," అంటే సరేనన్నాడు. ఖాళీ మూల ఎలాగూ ఖాళీయే.

"హీరో ఎవరండీ?"

"మీ గరిటె. హీరోయిన్ చెంచా. గ్లాసులన్నీ పెళ్లి ఊరేగింపు. ఒక్కోదాన్నీ బియ్యపుగింజంత జరిపి ఫోటో తీస్తాను. పన్నెండు ఫోటోలైతే ఒక్క సెకను సినిమా."

"సెకనుకి పన్నెండా? గిట్టుబాటు కాదండీ!"

మొదటిరోజు ఆమె భోంచేసి వచ్చేసరికి ఊరేగింపు గ్లాసులు సైజులవారీగా బారుతీరి తళతళలాడుతున్నాయి.

"ఎవరు ముట్టుకున్నారు?"

కిరీటి గుడ్డ వెనక్కి దాచాడు. "దుమ్ముపట్టి వంకరటింకరగా ఉంటేనూ..."

"వంకరగా పెట్టింది నేనేనండీ! అరవై ఫోటోలు తీశాను. అన్నీ పోయాయి."

"అంటే ఐదు సెకన్లేగా," అనబోయి, ఆమె కళ్లలో నీళ్లు చూసి గుడ్డని కౌంటరు సొరుగులో పడేశాడు.

మర్నాటి నుంచి కౌంటరు పక్కన స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాడు. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ముఖ్యంగా తనని.

గరిటె, చెంచాల వెనక మండపంలా పెద్ద బిందె ఒకటి నిలబడింది. అద్దంలా మెరిసే దానిలో తన ప్రతిబింబం పడకూడదని దీవెన ప్రతి ఫోటోకీ బల్ల కిందికి వంగి కెమెరా రిమోట్ నొక్కేది. ఆ వంగడం, లేవడం చూస్తూ కిరీటి ఒక్క మాట కూడదీసుకునేవాడు. ఎంతటి గడుసు కస్టమర్నైనా ఒప్పించే నోరు అక్కడ పెగిలేది కాదు. సినిమా అయిపోతే ఈమె మళ్లీ రాదు. గరిటె చూస్తే రోజురోజుకీ చెంచాకి దగ్గరైపోతోంది.

తొమ్మిదోరోజు సాయంత్రం వాన. ఆఖరి ఫోటో ఒక్కటే మిగిలింది. దీవెన అంతవరకూ తీసింది ల్యాప్‌టాప్‌లో నడిపింది. ఊరేగింపు కదిలింది. ఉన్నట్టుండి ఆపేసింది.

"కిరీటిగారూ, ఈ బిందెలో ఎవరు?"

బిందె కడుపులో స్టూలు మీద ఒక మనిషి. చొక్కా రంగులు మారుతున్నాయి. స్టూలు మాత్రం కౌంటరు దగ్గర్నుంచి జరుగుతూ, జరుగుతూ బల్ల దాకా వచ్చేసింది.

కిరీటి చెవులు ఎర్రబడ్డాయి. "పాడుచేశానండీ. మళ్లీ మొదట్నుంచీ తీద్దాం. ఇంకో తొమ్మిది రోజులేగా!"

"ఆ సంతోషం కాస్త దాచుకోండి. పన్నెండు అడుగులు జరిగారు, ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"చెబితే వెళ్లిపోతారేమోనని..."

కౌంటర్లోంచి కిరీటి వాళ్లమ్మ పద్మావతమ్మ అందుకుంది. "రోజూ ఊడ్చేటప్పుడు ఆ స్టూలు ఓ జానెడు వెనక్కి పెడుతూనే ఉన్నానమ్మా. వీడు జరుపుకుంటూనే ఉన్నాడు. అవునూ, మీ చర్చిలో ఆషాఢం పట్టింపు లేదు గదా? మీ అమ్మగారితో ఎప్పుడు మాట్లాడమంటావు?"

దీవెన నవ్వు ఆపుకుంటూ రిమోట్ తీసింది. ఈసారి వంగలేదు.

"ఇంకో బియ్యపుగింజంత ఇటు జరగండి," అంది.

నెలాఖరున కిరీటి లెక్క చూసుకున్నాడు. అమ్ముడైనవి రెండే బిందెలు. పెద్దది మాత్రం ఎవరడిగినా ఇవ్వలేదు. అందులో ఇద్దరున్నారు.