దగ్గు రాగానే ఆగిపోయే సినిమా

పొద్దున్నే ఇడ్లీల పక్కన ఆవకాయ కనిపించేసరికి దుర్గాంబ చెయ్యి ఆగిపోయింది. రక్తపోటు వచ్చిన నాటి నుంచి, అంటే తొమ్మిదేళ్ళుగా, కోడలు ఇంద్రజ ఆ జాడీని అందనంత ఎత్తున పెట్టి కాపలా కాసింది. అలాంటిది రెండు వారాలుగా అడక్కుండానే వడ్డిస్తోంది. పైగా ఇవాళ రెండు ముక్కలు.

"బాగుందా అత్తయ్యా? ఇంకొంచెం వెయ్యనా?"

"చాల్లేవే. ఇంత ప్రేమ ఒక్కసారిగా అరగదు."

దేశ రాజధానిలో, ఆర్.కె. పురంలోని ఆ గవర్నమెంటు క్వార్టరు కింద రోజూలాగే కూరల బండి అరుస్తోంది, స్కూలు బస్సు హారను మోగిస్తోంది. ఎనిమిదిన్నరకల్లా ఆఫీసుకు పరిగెత్తే కొడుకు సదాశివరావు మాత్రం సెలవు పెట్టి కూర్చున్నాడు. పదకొండింటికి అమ్మను సాకేత్‌లో ఆసుపత్రికి తీసుకెళ్ళాలట. "ఏం లేదమ్మా, గ్యాసే. చిన్న మందు ఎక్కిస్తారు" అని పేపరు చాటునుంచే చెప్పాడు. ఆ పేపరు పావుగంటగా పుట తిరగలేదు.

దుర్గాంబ మూడో క్లాసులోనే బడి మానేసింది. అయితేనేం, సినిమాల్లో పండిపోయింది. రేపల్లెలో నేల టిక్కెట్టు రోజుల నుంచి చూసిన ఏ కథా మర్చిపోలేదు. ఎవరు ఏ చీర కట్టుకుని ఏడ్చారో కూడా చెప్పగలదు.

"టీవీ పెట్టవే నేహా. ఆ సంగీతం టీచరమ్మ సినిమా, నిన్న నిద్రొస్తోందని ఆపేశావుగా."

ఇవాళ కాలేజీ మానేసి ఇంట్లోనే ఉన్న మనవరాలు నేహా రిమోట్ తీసుకుని తండ్రి వైపు చూసింది. తెర మీద టీచరమ్మ పిల్లలకు పాట నేర్పుతూ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని దగ్గింది. రెండోసారి దగ్గబోయేంతలో బొమ్మ ఆగిపోయింది.

"అరే యార్... నెట్ పోయింది నాయనమ్మా. వేరే పెడతా, కామెడీ."

"ప్రకటనలకు పోని నెట్టు దగ్గుకే పోతుందేమే? సోమవారం డాక్టరు కళ్ళజోడు తీస్తుంటే పోయింది. మంగళవారం ముసలాయన వీలునామా రాస్తుంటే పోయింది. మన ఇంటి నెట్టుకు ఎంత జాలిగుండె!"

ఎవరూ నవ్వలేదు. వంటింట్లో కుళాయి చప్పుడు కూడా ఆగింది.

సదాశివరావు లేచాడు. "టైమవుతోందమ్మా. క్యాబ్ బుక్ చేస్తా. చీర మార్చుకో."

"నేను రాను."

"అమ్మా!"

"ఈ సినిమా ఆఖరిదాకా చూపించందే గడప దాటను. అరవై ఏళ్ళుగా చూస్తున్నానురా ఇలాంటివి. డాక్టరుకు తెలుస్తుంది, స్నేహితుడికి తెలుస్తుంది, నేల టిక్కెట్టు వాడికీ తెలుస్తుంది. రోగం వచ్చినవాళ్ళకు తప్ప! ఇంద్రజ ఆవకాయ వేస్తోంది, నువ్వు నాలుగింటికే ఇంటికొస్తున్నావు, ఇదేమో హిందీ మానేసి నాతో తెలుగు మాట్లాడుతోంది. నాకేం రోగంరా?"

"గ్యాస్ అని చెప్పాగా! ప్రతిదానికీ సినిమా అంటావేంటి? ఇది సినిమా కాదు!" అని అరిచాడు. అంతలోనే మళ్ళీ కూర్చున్నాడు. "నీకు తెలిస్తే ధైర్యం పోతుందన్నారమ్మా అందరూ."

"ఎవర్రా అందరూ? నేను లేని అందరూనా?"

దుర్గాంబ గొంతు తగ్గించింది.

"మీ నాన్నకు నేనూ ఇదే చేశాను."

భర్త త్యాగరాజు పోయి పదకొండేళ్ళు. ఈ మాట ఆమె ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు.

"పచ్చకామెర్లే, తగ్గిపోతాయని రోజూ చెప్పాను. ఆయనేమో ‘అవునవును, వేసవికి గోదావరి చూసొద్దాం’ అనేవారు. ఆయన పోయిన పదోరోజు నాడు డాక్టరు చెప్పాడు, అసలు రోగం సంగతి ఆయనకు మొదటి వారంలోనే తెలుసట. దుర్గ తట్టుకోలేదు, చెప్పకండి అని బతిమాలారట. ఎనిమిది నెలలు పక్కపక్కనే పడుకుని ఇద్దరం నటించాంరా. ఆయనకు భయమేసిందో లేదో నేనడగలేదు. చెయ్యి పట్టుకుని ఏడవలేదు. అది నన్ను ఇప్పటికీ తింటోంది. ఆ బాధ నీకు మిగిల్చి పోను."

ఆఫీసులో పదిమంది చేత సార్ అనిపించుకునే మనిషి కింద కూలబడి తల్లి మోకాళ్ళ మీద తల పెట్టాడు.

"కడుపులోనమ్మా... క్యాన్సర్. ఆపరేషన్ కుదరదన్నారు. మందుకు లొంగితే ఏడాది... ఇంకాస్త..."

దుర్గాంబ కళ్ళు మూసుకుంది. ఊహించిన మాటే. కొడుకు జుట్టులోకి వేళ్ళు పోనిచ్చింది.

"ఏడువు. నేనూ ఏడుస్తాను. అయ్యాక క్యాబ్ పిలువు, మందు ఎక్కించుకుంటాను. కానీ డాక్టరు ఎదురుగా కూర్చునేది నేను. ఎన్నాళ్ళు ఎక్కించాలో ఆయన నాకు చెప్పాలి. ఎప్పుడు చాలో నేను చెబుతాను."

"ఆయన హిందీలో చెబుతారు అత్తయ్యా," అంది ఇంద్రజ కళ్ళొత్తుకుంటూ.

"పదేళ్ళుగా కూరల భయ్యాతో బేరమాడిన హిందీ నాది. డాక్టరు దగ్గర తడబడతానా? అన్నట్టు, ఆవకాయ ఒక్క ముక్క చాలు. జాలికి వేసిన రెండోది తీసెయ్."

ఇంద్రజకు ఏడుపులోనే నవ్వొచ్చింది. సదాశివరావు క్యాబ్ బుక్ చేశాడు. అది రావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది.

"నేహా, ఎక్కడ ఆపాలో తెలిసిందంటే నువ్వీ సినిమా ముందే చూసుంటావు. నిజం చెప్పు. ఆ టీచరమ్మ ఏమవుతుంది?"

నేహా ఈసారి తండ్రి వైపు చూడలేదు.

"చచ్చిపోతుంది నాయనమ్మా." ముక్కు తుడుచుకుంది. "కానీ... అభీ నహీ, ఇప్పుడే కాదు. ఇంకా మూడు పాటలున్నాయి."

దుర్గాంబ కుచ్చిళ్ళు సర్దుకుని, కొడుకుకు ఒక పక్కన, కోడలికి ఇంకో పక్కన చోటు చూపించింది.

"మూడు పాటలా? అయితే పెట్టవే."