ఇంట్లో చూసుకోగల వ్యక్తి

పొద్దున్న ఎనిమిదింటికి ఆ ఇంట్లో రోజూ జరిగేది ఒకటే. అత్తగారు వరండాలో కుర్చీలో కూర్చుంటుంది, కోడలు వెనక నిలబడి జడ వేస్తుంది. పక్షవాతం వచ్చి అత్తగారి కుడి చెయ్యి పడిపోయి మూడేళ్ళయింది గానీ, జడ దగ్గర ఆవిడ పట్టింపు మాత్రం ఎక్కడికీ పోలేదు. పాపిడి కాస్త పక్కకి జరిగిందంటే చాలు, ఎడం చేత్తో కోడలి మణికట్టు మీద ఒక్కటి వేస్తుంది.

"అత్తయ్యా, మీరు వెళ్ళేది పగటిల్లుకా, ఎవరి పెళ్ళికైనానా?" అంటుంది కోడలు. అత్తగారు సగం నోటితో నవ్వుతుంది. ఎనిమిదిన్నరకి వీధిలో వ్యాను హారను మోగుతుంది.

పగటిల్లంటే మునిసిపాలిటీ నడిపే వృద్ధుల కేంద్రం. పొద్దున్న తీసుకెళ్ళి, కసరత్తులు చేయించి, భోజనం పెట్టి, సాయంత్రం ఐదున్నరకి మళ్ళీ గుమ్మం దగ్గర దింపుతారు. దాని పుణ్యమా అని కోడలు ఆసుపత్రిలో రక్త పరీక్షల లాబ్‌లో తిరిగి చేరింది. అత్తగారు మంచాన పడ్డప్పుడు మానేసిన పనే అది. సూది దిగినట్టే తెలియదని రోగులు ఆమెకి దోమక్క అని పేరు పెట్టారు. పెద్ద డాక్టరు కూడా ఆమె సెలవులో ఉంటే తన రక్త పరీక్ష మర్నాటికి వాయిదా వేసుకుంటాడు. ఇంకో పంతొమ్మిది రోజులు గడిస్తే ఏడాది నిండుతుంది, ఉద్యోగం ఖాయమవుతుంది. మధ్యలో నాగా పడితే మళ్ళీ మొదటికొస్తుంది. వంటింటి క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ ఆమె ఎర్రసిరాతో సున్నా చుట్టుకుంది.

ఆ రోజు కొడుకు కూడా మంచి హుషారుగా ఉన్నాడు. ఆయన మునిసిపాలిటీ రోడ్ల విభాగంలో సూపర్‌వైజరు. ఊరి చుట్టూ వేయబోయే కొత్త రోడ్డుకి తననే ఇన్‌చార్జిగా వేస్తున్నట్టు ముందు రోజే ఖరారైంది. తల్లి నోట్లో మిఠాయి ముక్క పెట్టాడు, భార్యకి పెట్టబోయాడు. అంతలో వ్యాను వచ్చింది, డ్రైవరు ఆమె చేతికో కాగితం ఇచ్చి మొహం తిప్పుకున్నాడు.

ఈ ఏడాది బడ్జెట్‌లో నిధులు కేటాయించనందున వచ్చే ఒకటో తేదీ నుంచి కేంద్రం మూసివేయబడును. అంతే ఉంది అందులో. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో తెలుపుకోవచ్చని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ఒకటో తేదీకి ఎనిమిది రోజులే ఉన్నాయి.

"ఏమండీ, పగటిల్లు మూసేస్తున్నారట."

"అలాగా? చూద్దాంలే," అంటూ ఆయన స్కూటరు తీశాడు. ఎందుకని అడగలేదు, ఎప్పటినుంచి అని కూడా అడగలేదు. అది ఆమెకి అప్పుడు తట్టలేదు. లాబ్‌లో మూడో రోగికి సూది గుచ్చుతుండగా తట్టింది.

మధ్యాహ్నం భోజనం మానేసి, వేసుకున్న తెల్లకోటుతోనే పగటిల్లుకి పరుగెత్తింది. అక్కడ అన్నీ చూసుకునేది రిటైరైన నర్సు, అందరూ ఆవిణ్ణి హెడ్డమ్మ అంటారు. హాల్లో అత్తగారు నలుగురితో కలిసి రబ్బరు బంతిని ఎడం చేతిలోంచి కుడి చేతిలోకి మార్చే ప్రయత్నంలో ఉంది. అది ప్రతిసారీ కింద పడుతోంది, ప్రతిసారీ నలుగురూ నవ్వుతున్నారు.

ఎలా మూసేస్తారని కోడలు అడిగితే హెడ్డమ్మ వింతగా చూసింది.

"మీ ఇళ్ళవాళ్ళందరూ ఒప్పుకున్నాకే కదమ్మా మూసేది. ఇప్పుడొచ్చి నన్నడిగితే ఏం చెప్పను?"

బీరువాలోంచి ఓ కట్ట తీసి ముందు పెట్టింది. రెండు నెలల కిందట, బడ్జెట్ తయారయ్యే రోజుల్లో, పగటిల్లు డబ్బు కొత్త రోడ్డుకి మళ్ళించాలనుకున్నప్పుడు మునిసిపాలిటీ ఇంటికో ఫారం పంపిందట. గృహ యజమాని పేరున. అందులో ఉన్నది ఒకటే ప్రశ్న: కేంద్రం మూసివేసిన పక్షంలో ఇంట్లో చూసుకోగల వ్యక్తి ఉన్నారా?

తొమ్మిదో ఫారం దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ గుండ్రటి చేతిరాత ఆమెకి ఇరవై రెండేళ్ళుగా తెలుసు. చాకలి పద్దు దగ్గర్నుంచి హాస్టల్లో ఉన్న కూతురికి రాసే ఉత్తరం దాకా ఆ ఇంట్లో అన్నీ ఆ రాతలోనే ఉంటాయి. "ఉన్నారు. నా భార్య ఇంట్లోనే ఉంటుంది. ఆమెకు వేరే పని లేదు." కింద సంతకం.

కోటు మీద తన పేరు చీటీ వేలాడుతుండగా, తనకి వేరే పని లేదన్న సంగతి ఆమె రెండుసార్లు చదువుకుంది. తల కొట్టేసినట్టయింది. ఎవరో ముక్కూ మొహం తెలియని గుమాస్తా రాసి ఉంటే అక్కడే దులిపేసేది. రోజూ పొద్దున్న తన స్కూటరు మీద లాబ్ గుమ్మం దగ్గర దింపే మనిషి రాశాడే!

"మొత్తం నలభై ఒకటి," అంది హెడ్డమ్మ మెల్లగా. "ఒక్కటీ ఆడవాళ్ళ చేతిరాత కాదు. నలభై మంది ఉన్నారనే రాశారు. ఒక్క మంగలాయన లేరని రాశాడు. తల్లికి స్నానం నుంచి మాత్రల దాకా చేసేది అతనే, అతనికి తెలుసు."

సాయంత్రం ఏడింటికి కొడుకు వచ్చేసరికి కోడలు లైటు వెయ్యకుండా ముందుగదిలో కూర్చుని ఉంది. ఆయన లైటు వేశాడు.

"ఫారం ఎప్పుడు రాశారు?" అంది.

ఏ ఫారం అనబోయాడు. ఆమె మొహం చూసి నీళ్ళు నమిలాడు. తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఆఫీసులోనే ఇచ్చారు, ఇంజనీరు ఎదురుగా నిలబడి ఉన్నాడు, సెక్షన్‌లో పగటిల్లుకి వెళ్ళే తల్లులున్న వాళ్ళందరూ అలాగే రాశారు. ఆ కాగితాలు లేకపోతే రోడ్డు ఫైలు కదలదు. పదకొండేళ్ళు ఎదురుచూసిన పోస్టు, కాదంటే తనకంటే చిన్నవాడు నెత్తినెక్కి కూర్చుంటాడు. ఆమె జీతం ఎంత, తన జీతం ఎంత? ఇదంతా చెబుతున్నంతసేపూ ఆయన గోడకేసే చూశాడు.

"నువ్వు ఇదివరకు రెండేళ్ళు అమ్మని చూసుకున్నావుగా. ఇప్పుడు కొత్తగా అడిగిందేముంది?"

"అడగలేదుగా," అంది ఆమె. గొంతు పెంచలేదు. "అడిగుంటే ఏమనేదాన్నో నాకే తెలీదు. సరేననేదాన్నేమో కూడా. మీరు అడగలేదు. నాకు వేరే పని లేదని రాసి సంతకం పెట్టారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి నేనిచ్చిన టీ తాగారు. రెండు నెలలు, రోజూ తాగారు."

"రోడ్డొస్తే ఊరందరికీ మంచిదే కదా."

"మంచిదే. దానికి డబ్బు కావాలి, పగటిల్లుది తీశారు. డబ్బైతే తీశారు గానీ పగటిల్లులో చేసే పని ఎక్కడికి పోతుంది? అది వచ్చి నా నెత్తిన పడుతుంది. రోడ్డు మీద మీకు ఇన్‌చార్జి పోస్టు, ఇంట్లో నాకు డ్యూటీ. మీ బడ్జెట్‌లో నాకెంత జీతం రాశారు?"

లోపలి గదిలో మంచం పట్టె మీద దబదబా కొడుతున్న చప్పుడైంది. ఇద్దరూ వెళ్ళారు. అత్తగారు లేచి కూర్చుని ఉంది. అన్నీ విన్నదని చూడగానే తెలిసింది.

"నన్ను... అడిగావా?" అంది కొడుకుని.

పక్షవాతం వచ్చాక ఆవిడ ఒక్కో మాటకి చాలాసేపు వెతుక్కుంటుంది. ఇద్దరూ ఆగారు. ఆవిడ పెళ్ళయిన కొత్తలో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఆ గొంతు వినడానికే కొందరు అక్కర్లేని నంబర్లు అడిగేవారని ఇంట్లో చెప్పుకుని నవ్వుకునేవారు. ఇష్టం లేక మానేసిందని కొడుకు చిన్నప్పటినుంచి వింటున్నాడు.

"ఇష్టం లేక... కాదు," అంది అత్తగారు. "మా అత్తకి... జబ్బు. రాజీనామా... మీ నాన్నే రాశాడు. రాసి... తెచ్చాడు. సంతకం... నాది." ఊపిరి తీసుకుని కోడలి చెయ్యి పట్టుకుంది. "నీకు... చెప్పలేదు. సిగ్గు."

కోడలికి అప్పటిదాకా రాని ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. అత్తగారి ఒళ్ళో తల పెట్టేసింది. కొడుకు గుమ్మంలోనే నిలబడిపోయాడు. తండ్రిని తలుచుకున్నాడో, తన గుండ్రటి చేతిరాతనే తలుచుకున్నాడో, లోపలికి అడుగు పెట్టడానికి మాత్రం మొహం చెల్లలేదు.

నాలుగు రోజులు ఆ ఇంట్లో అవసరానికి మించి ఒక్క మాట లేదు. కోడలు వండింది, జడ వేసింది, లాబ్‌కి బస్సులో వెళ్ళింది. పొద్దున్న స్కూటరు వాకిట్లో ఊరికే నిలబడి ఉండేది. అయిదో రోజు సాయంత్రం ఆయన ఒక ఖాళీ ఫారం తెచ్చి బల్ల మీద పెట్టాడు, పక్కన కలం పెట్టాడు.

"ఇందులో నేనేమీ రాయలేదు," అన్నాడు. "నువ్వే రాయి. అమ్మా రాస్తుంది. రేపు పొద్దున్న తీసుకెళ్ళి ఇంజనీరు బల్ల మీద నేనే పెడతాను. నావల్ల తప్పయింది. క్షమించమని అడగడానికి కూడా..." మిగతాది మింగేశాడు.

ఆమె కలం తీసి ముందు అత్తగారికి ఇచ్చింది. కాగితం కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది. ఎడం చేత్తో ఆవిడ పావుగంట రాసింది. ఇంట్లో చూసుకోగల వ్యక్తి ఉన్నారా అన్న ప్రశ్న కింద పెద్ద పెద్ద వంకర అక్షరాలు పడ్డాయి: "నా కొడుకు."

కొడుకు ఆ రెండు మాటలూ చదివి కుర్చీలో కూలబడ్డాడు. కోడలికి నవ్వొచ్చింది. నవ్వుతుంటేనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత ఆ పక్కనే తను రాసింది. "నేను ఆసుపత్రిలో పని చేస్తున్నాను. ఇంట్లో ఉండను. మా అత్తగారికి పగటిల్లు కావాలి." జీవితంలో మొదటిసారి ఆ ఇంటి తరఫున ఒక కాగితం ఆమె రాతలో వెళ్ళింది.

ఆయన అన్న మాట ప్రకారమే ఇచ్చి వచ్చాడు. ఇన్‌చార్జి పోస్టు ఆ వారమే జూనియర్‌కి వెళ్ళింది. ఆ సంగతి భోజనం చేస్తూ ఒక్క ముక్కలో చెప్పి మంచినీళ్ళు తాగాడు. ఒకటో తేదీన పగటిల్లుకి తాళం పడింది. అయినా హెడ్డమ్మ ఇల్లిల్లూ తిరిగి ఇరవై ఆరు కొత్త ఫారాలు చేర్చింది, అన్నీ ఆడవాళ్ళ చేతిరాతే. అన్నీ చేరాక వచ్చే నెల సమావేశంలో మళ్ళీ పరిశీలిస్తామన్నారు మునిసిపాలిటీ వాళ్ళు. ఏం తేలుస్తారో ఎవరికీ తెలియదు. అప్పటిదాకా కొడుకు తన సెలవులన్నీ వరసగా వాడేస్తున్నాడు. తల్లికి స్నానం చేయించడం ఎంతసేపు పడుతుందో, మాత్ర మింగించడానికి ఎంత బతిమాలాలో ఆయనకిప్పుడు నిమిషాలతో సహా తెలుసు. మొదటి రోజు రాత్రి తొమ్మిదింటికే సోఫాలో గుర్రు పెట్టాడు.

కోడలు ఆయన్ని క్షమించిందా అంటే ఏమని చెప్పగలం? ఆమెనడిగితే ఇంకా తెలీదనే అంటుంది.

ఎర్ర సున్నా చుట్టిన రోజు వచ్చింది. ఆమె ఇస్త్రీ కోటు చేతి మీద వేసుకుని వరండాలోకి వచ్చేసరికి అత్తగారు కుర్చీలో ఉంది, కొడుకు వెనక నిలబడి నాలుక కరుచుకుని జడతో కుస్తీ పడుతున్నాడు. ఆవిడ ఎడం చేత్తో ఆయన మణికట్టు మీద ఒక్కటి వేసింది. ఆయన విప్పి మళ్ళీ మొదలుపెట్టాడు.

పాపిడి వంకరగా వచ్చింది. ఆమె చేస్తే ఒక్క నిమిషం పని. చెయ్యి దువ్వెన వైపు వెళ్ళబోయింది. ఆమె ఆ చేత్తోనే బ్యాగు భుజానికి తగిలించుకుని, వెళ్ళొస్తానని ఇద్దరికీ చెప్పి మెట్లు దిగింది.