పచ్చ చెవి డిప్పల పిల్ల

"మేం అంత ఘోరంగా వాయిస్తామా?"

ఆ ప్రశ్న తనకేనని సునివాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. లాక్సెవోగ్ స్కూలు హాల్లో బ్యాండు రిహార్సల్‌కి ఆమె రావడం అదే మొదటిసారి. బయట బెర్గన్ ఊరి వాన ఎప్పట్లాగే తీరిగ్గా పడుతోంది. ఆమె డ్రమ్ము స్టాండు మీద పెట్టి, ఎత్తు సరిచూసుకుని, సంచిలోంచి చప్పుడు తగ్గించే పచ్చటి చెవి డిప్పలు తీసి తలకి తగిలించుకుంది. ముందు వరసలో టూబా అనే ఇత్తడి బాకా పట్టుకున్నతను కుర్చీతో సహా వెనక్కి తిరిగాడు. అంత పెద్ద టూబా వెనక మనిషి సగమే కనిపిస్తున్నాడు. కాస్త ఎర్ర గడ్డం, ఒక కనుబొమ్మ.

సునివా ఒక డిప్ప కొంచెం ఎత్తింది. "ఏమన్నారు?"

"ఇంకా మొదలే పెట్టలేదు, అప్పుడే చెవులు మూసేశారు! రన్‌వే మీద విమానాలకి దారి చూపించేవాళ్ళలా ఉన్నారు."

"ఇంకా వినలేదుగా. విన్నాక చెప్తాను, ఘోరమో కాదో."

ట్రంపెట్ల వరస గొల్లున నవ్వింది. అతని చెవులు గడ్డం రంగులోకి మారాయి.

పాట అయ్యాక అతనే మళ్ళీ తిరిగాడు. "చెప్పండి మరి."

"టూబా కాస్త వెనకబడుతోంది" అంది సునివా.

అలా పరిచయమయ్యాడు యోస్టైన్. పగలు ట్రామ్ నడుపుతాడు. ట్రామ్ ఎప్పుడూ ఆలస్యం కానివ్వనని గొప్పగా చెప్పుకునేవాడు. ఆ రోజు నుంచి ఆ గొప్ప బ్యాండులో ఎవరూ సాగనివ్వలేదు.

విరామంలో అందరూ కాఫీ, వాఫెళ్ళు పెట్టిన బల్ల చుట్టూ మూగారు. కుర్చీల కాళ్ళు నేల మీద గీరుకున్నాయి, కప్పులు ఖంగుమన్నాయి, పైన ట్యూబ్‌లైట్లు సన్నగా రొద పెడుతున్నాయి. అవన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఒకే తలుపులోంచి తన తలలోకి దూరుతున్నట్టు అనిపించింది సునివాకు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ఆమెకు బాగా తెలుసు. కోట్లు తగిలించే గదిలోకి వెళ్ళి, వీపు గోడకి గట్టిగా ఆనించి, భుజాల మీద బరువు పట్టీ వేసుకుని, చప్పరించే పుల్లటి బిళ్ళ ఒకటి నోట్లో వేసుకుంది. నాలుక జివ్వుమనగానే తలలో రొద ఒక మెట్టు దిగింది.

వాన కోట్ల మధ్యలోంచి ఎర్ర గడ్డం తొంగి చూసింది.

"నామీద కోపంతో ఇక్కడ దాక్కున్నారా?"

"మీరంత ముఖ్యమైనవాళ్ళేం కాదు" అంది సునివా కళ్ళు మూసుకునే. "అక్కడ గోల ఎక్కువైంది. ఇంకాసేపట్లో వస్తాను."

"ఆ మెడలోది ఏంటి?"

"బరువు. లోపల గోధుమ గింజలున్నాయి. నేనే కుట్టుకున్నాను." ఆమె పడవల తెరచాపలు కుట్టే వర్క్‌షాపులో పని చేస్తుంది, మందపాటి గుడ్డ, దిట్టమైన దారం ఆమె చేతికి అలవాటే. "ఇది భుజాల మీద ఉంటే నేను ఎక్కడున్నానో ఒంటికి తెలుస్తుంది."

అతను నవ్వలేదు. అది ఆమె గమనించింది.

"మరి ఇంత గోల పడనివాళ్ళు డ్రమ్ము ఎందుకు పట్టుకున్నారు?"

"నేను కొట్టే దెబ్బ ఎప్పుడు పడుతుందో నాకు ముందే తెలుసు. పక్కవాళ్ళు కప్పు ఎప్పుడు పడేస్తారో తెలీదు. అంతే తేడా."

యోస్టైన్ చెయ్యి చాపాడు. "ఆ బిళ్ళ ఒకటి ఇస్తారా?"

ఇచ్చింది. అతని మొహం మొత్తం ముక్కు దగ్గరికి ముడుచుకుపోయింది. సునివా పకపకా నవ్వింది.

తర్వాతి వారాల్లో "మీరు" కాస్తా "నువ్వు" అయింది. రిహార్సల్ అయ్యాక ఇద్దరూ వానలో నడిచే ఇంటికి వెళ్ళేవారు. బస్సులో అందరి తడి ఉన్ని వాసన, వైపర్ల కీచు ఆమెకు పడవు. వాన మాత్రం ఇష్టం.

"ఒకే తీరుగా పడుతుంది, ఉన్నట్టుండి అరవదు" అంది ఒకసారి.

"అంటే నాకన్నా మంచిది" అన్నాడు యోస్టైన్.

"నీకన్నా టైముకి కూడా వస్తుంది."

అలాంటి ఒక సాయంత్రమే ఆమె అసలు సంగతి చెప్పింది. రెండేళ్ళ కిందట మే పదిహేడు జాతీయ దినోత్సవం ఊరేగింపులో, వేరే బ్యాండుతో నడుస్తూ, ఊరి నడిమధ్యలో కర్రలు కింద పడేసి పారిపోయింది. ఆ రోజు చెవి డిప్పలు పెట్టుకోలేదు. యూనిఫాంకి బాగుండవని ఎవరో అంటే తీసి ఇంట్లో పెట్టేసింది. వాళ్ళమ్మ గుడ్‌వైగ్ వెతగ్గా వెతగ్గా, ఒక అపార్టుమెంటు మెట్ల కింద చెవులు మూసుకుని కూర్చుని దొరికింది.

"అప్పట్నించి మే వస్తే చాలు, మా అమ్మ ఫోను చేస్తుంది. ఈసారి టీవీలో చూద్దాం సునివా, కేక్ చేస్తాను, అని."

"ఈసారి ఏం చెప్పావు?"

"కేక్ చెయ్యమన్నాను. సాయంత్రం వచ్చి తింటానన్నాను." ఆమె గొంతులో చిన్న వణుకు, దాని వెనకే చిన్న గర్వం. "ఈసారి చివరిదాకా నడుస్తాను."

యోస్టైన్ ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు కాబోలు. తర్వాతి రిహార్సల్‌కి సునివా వచ్చేసరికి హాలు ఆస్పత్రి వార్డులా ఉంది. అందరూ గుసగుసగా మాట్లాడుతున్నారు. తాళాలు వాయించే పెద్దాయన తన తాళాలని నిద్రపోతున్న పసిపిల్లల్ని దించినట్టు బల్ల మీదికి దించాడు. ట్రంపెట్ అమ్మాయి కుర్చీని రెండు చేతులా ఎత్తి పట్టుకుని నడుస్తోంది.

బ్యాండు మాస్టరు హాల్వార్డ్ దగ్గరికొచ్చి, చెవిలో చెప్పినట్టుగా అన్నాడు. "అమ్మా, నువ్వేం కంగారుపడకు. యోస్టైన్ అంతా చెప్పాడు. ఆ రోజు ఇబ్బందిగా ఉంటుందని ఇంకో డ్రమ్మర్‌ని మాట్లాడి పెట్టాం. నువ్వు జెండాలవాళ్ళతో వెనకాల నడువు. ఎలాగూ ఆ పచ్చ రంగు మన నీలం యూనిఫాంకి..."

సునివా మొహం వేడెక్కింది. ఆమె తిన్నగా టూబా ముందుకి వెళ్ళి నిలబడింది.

"నన్ను అడిగావా?"

"నీకు కష్టం కాకూడదనే కదా..."

"నన్ను అడిగావా, యోస్టైన్?"

"లేదు."

"ఇవన్నీ నేను దాక్కోవడానికనుకున్నావా?" చెవి డిప్పలు చేత్తో పైకెత్తి చూపించింది. ఆమె గొంతు హాలంతా వినిపించింది, ఆమె తగ్గించలేదు. "దాక్కోవాలంటే ఇంట్లో దుప్పటి ఉంది. బయటికి రావడానికి తెచ్చుకున్నవి ఇవి. వీటితో నేను షాపుకెళ్తాను, పనికెళ్తాను, మీ అందరి మధ్యా కూర్చుని డ్రమ్ము కొడతాను. నీకు నా బలం కనిపించలేదు, జబ్బు కనిపించింది."

తర్వాత హాల్వార్డ్ వైపు తిరిగింది. "మాస్టారూ, డ్రమ్ము నాది. డిప్పలు పచ్చగానే ఉంటాయి. మరీ కష్టంగా ఉంటే యూనిఫాం రంగు మార్చండి."

తాళాల పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఈ పిల్ల తాళం తప్పగా నేనెప్పుడూ వినలేదు, హాల్వార్డ్. నువ్వు తప్పగా విన్నాను." అని తన తాళాలు ఖణేల్‌మనిపించాడు. సునివా ఉలిక్కిపడింది, వెంటనే నవ్వు ఆపుకోలేకపోయింది. డ్రమ్ము ఆమెకే ఉండిపోయింది.

యోస్టైన్‌తో మాత్రం మాట్లాడలేదు. ఒంటరిగా నడిచి ఇంటికెళ్ళింది. వాన అదే వాన, దారి మాత్రం పొడుగ్గా అనిపించింది.

ఊరేగింపు ముందు రోజు సాయంత్రం ఆమె ఫోనులో ఒక మెసేజ్ వెలిగింది. "తలుపు బయట ఉన్నాను. బెల్లు కొట్టలేదు. వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోతాను."

తలుపు తీసింది. తల నుంచి కాళ్ళ దాకా తడిసి ఉన్నాడు.

"నాదే తప్పు" అన్నాడు. "నీకేం కావాలో నాకు తెలుసనుకున్నాను. తెలీదు. రేపు నేనేం చెయ్యాలో నువ్వే చెప్పు."

ఆమె అతన్ని తేరిపార చూసింది. క్షమించడానికి ఇంకాసేపు పడుతుందనుకుంది, కానీ పట్టలేదు.

"డ్రమ్ము అంచు మీద రెండుసార్లు టకటకమని కొడితే, నేను పక్కకి వెళ్తున్నానని అర్థం. నువ్వు ఆగకూడదు. నా వెనకాల రాకూడదు. తిరిగి చూడనే కూడదు. వాయిస్తూ నడువు."

"నువ్వు రాకపోతే?"

"వస్తాను."

అతను మింగుడుపడనట్టు చూశాడు. "సరే. చూడను."

మే పదిహేడున వాన కూడా సెలవు తీసుకుంది. వీధుల నిండా జెండాలు, పూల కుట్టుపని ఉన్న సంప్రదాయ గౌన్లు, వెండి గుండీలు, ఐస్‌క్రీమ్ మూతుల పిల్లలు. సునివా నీలం యూనిఫాం మీద గింజల పట్టీ, తల మీద పచ్చ డిప్పలు పెట్టుకుంది, ఏదీ దాచలేదు. మొదటి వీధి దాటింది, చేపల బజారు దాటింది. కాళ్ళు, కర్రలు, గుండె ఒకే తాళంలో ఉన్నాయి.

ఊరి నడి కూడలి దగ్గర ఊరేగింపు ఆగిపోయింది. అడ్డ వీధిలోంచి కుర్రాళ్ళ డ్రమ్ముల దళం ఒకటి వేరే తాళంతో దూసుకొచ్చింది. సరిగ్గా అప్పుడే ఆమె పక్కన ఎవరో గాలి హారన్ నొక్కారు. చెవి డిప్పల్ని చీల్చుకుని ఆ శబ్దం లోపలికొచ్చింది. వీధి మొత్తం ఒక్కసారిగా దగ్గరైపోయింది, గుండీల మెరుపులు కళ్ళలో గుచ్చుకున్నాయి, ఊపిరి గొంతులోనే ఆగింది.

రెండేళ్ళ కిందట ఇక్కడే కర్రలు జారాయి. ఇవాళ ఆ కర్రలతోనే డ్రమ్ము అంచు మీద టకటకమనిపించి, పక్కకి తప్పుకుంది.

బ్యాంకు భవనం గుమ్మంలో రాతి గోడ చల్లగా ఉంది. అరచేతులు దానికి నొక్కిపెట్టింది. పుల్లటి బిళ్ళ నోట్లో వేసుకుంది. పట్టీని రెండు చేతులా భుజాల మీదికి అదుముకుని, నిదానంగా ఊపిరి బయటికి వదిలింది, మళ్ళీ వదిలింది.

"ఒంట్లో బాగాలేదా, అమ్మాయీ?" అని అడిగింది ఎవరో ముసలావిడ.

"బాగానే ఉందండీ. కాస్త ఆగి వెళ్తాను." చెప్పాక అది నిజమేనని ఆమెకే ఆశ్చర్యం వేసింది.

దూరంగా తమ బ్యాండు కదిలిపోతోంది. డ్రమ్ము లేక అడుగులు అటూ ఇటూ అయిపోతున్నాయి. ఆ కలగాపులగంలో ఒక్క టూబా మాత్రం బండగా, నిలకడగా తాళం పట్టుకుని ఉంది. ఇవాళ వెనకబడడం లేదు.

సునివా పరుగెత్తింది. "దారివ్వండి! డ్రమ్ము వస్తోంది!" జనం నవ్వుతూ చీలిపోయారు. మలుపు దగ్గర వరసలో దూరి, ఒక్క అడుగు విని, కర్రలు దింపింది. ఆ దెబ్బతో బ్యాండు మొత్తం కాళ్ళు ఒక్కటిగా నేల మీద పడ్డాయి. ముందు వరసలో ఎర్ర మెడ ఒకటి బిగుసుకుంది, కానీ తిరగలేదు.

ఆ మలుపులోనే, ముందు వరస జనంలో పూల కుట్టుపని గౌనులో ఆమె తల్లి నిలబడి ఉంది. టీవీ ముందు ఉండాల్సిన గుడ్‌వైగ్ పక్కనున్న పరాయి మనిషి చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది. ఆ గోలలో, ఆ డిప్పల్లో సునివాకు మాటలు వినిపించలేదు. అమ్మ పెదాలు చదవడానికి వినిపించక్కర్లేదు కూడా. "మా అమ్మాయి! ఆ పచ్చ డిప్పల పిల్ల మా అమ్మాయే!"

సునివా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాళం మాత్రం తప్పలేదు.

ఊరేగింపు చెరువుగట్టు దగ్గర ముగిసింది. యోస్టైన్ టూబా గడ్డిలో దించి, అప్పుడు తిరిగాడు.

"చూడలేదు" అన్నాడు ముందుగా. "మెడ పట్టేసింది."

"తెలుసు."

"నేను మొదటిసారి ట్రామ్ నడిపినప్పుడు కూడా ఇంత భయపడలేదు. నువ్వొచ్చిన మొదటి దెబ్బకి... సునివా, ఈ ఊళ్ళో ఎవరిని చూసీ నేనింత గర్వపడలేదు. నేనేం చేశానని గర్వపడాలో కూడా తెలీదు."

"నువ్వు నన్ను నమ్మి ముందుకి నడిచావు" అంది సునివా. "అంత కష్టమైన పని ఇంతవరకూ నాకోసం ఎవరూ చెయ్యలేదు. నువ్వంటే నాకు ఇష్టం, యోస్టైన్. చాలా."

అతని చేతులు లేచి, ఎక్కడ వాలాలో తెలియక గాల్లోనే ఆగాయి. "ముట్టుకోవచ్చా? మెల్లగా?"

"మెల్లగా అస్సలు వద్దు, చీమలు పాకినట్టుంటుంది." ఆమె డ్రమ్ము విప్పి గడ్డిలో పెట్టి, అతని ముందుకొచ్చి నిలబడింది. "పట్టుకుంటే గట్టిగా పట్టుకో."

యూనిఫాం ఇత్తడి గుండీలు ఒకదానికొకటి నొక్కుకునేంత గట్టిగా పట్టుకున్నాడు. కేక్ డబ్బా చంకలో పెట్టుకుని గట్టు మీద వస్తున్న గుడ్‌వైగ్ ఆ ఇద్దర్నీ చూసి, తొందరేం లేదన్నట్టు అక్కడి బెంచీ మీద కూర్చుంది.