ఎర్రమట్టి రెండో ఆల్బంలో గిటార్ ఉందా, లేదా?

"పెండ్లి అయితె అయితది, లేకుంటె లేదు. ఆ రెండో ఆల్బంల గిటార్ ఉందంటె మాత్రం నేను ఒప్పుకోను," అన్నాడు వాదిరాజ్.

అన్నది ఎవరితోనో కాదు, వచ్చే ఆదివారం తనతో ఉంగరం మార్చుకోబోయే శ్రావ్యతోనే. అన్న చోటు రాయచూరులో వాదిరాజ్ తాత హనుమప్ప పెట్టిన, ఇప్పుడు వాదిరాజ్ నడిపే మైక్‌సెట్ దుకాణం.

పేరులోనే రాయి ఉన్న ఊళ్ళో రాక్ బ్యాండ్ పుట్టడం వింతేమీ కాదు. దాని పేరు ఎర్రమట్టి. తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ ఒకే పాటలో కలిపి రుబ్బుతారు. మొదటి ఆల్బం 'ఎండ' వచ్చినప్పుడు ఊరు ఊగింది. రెండోది 'నీడ' వచ్చాక అభిమానులు ఎండవాళ్ళు, నీడవాళ్ళు అని రెండు ముక్కలై ఒకరి మీద ఒకరు దుమ్మెత్తి పోసుకున్నారు. బ్యాండ్ పేరే ఎర్రమట్టి కాబట్టి దుమ్ముకు కొదవ లేదు.

వాదిరాజ్ ఎండవాడు. పేరులోనే వాది ఉంది, ఇక ప్రతివాదికి బతుకేది? శ్రావ్య నీడపిల్ల. సింధనూరు కాలువ కింద, ఆంధ్ర నుంచి వచ్చిన రైతుల క్యాంపులో వరి పండించే శ్రీరాములు గారి కూతురు. పేరు శ్రావ్యే గానీ, ఆ పూట ఆమె గొంతు వరికోత మిషన్‌లా ఉంది.

కారణం ఉంది. ఆ ఉదయం అభిమానుల గ్రూపులో ఆమె, "నీడలో మూడో పాట వెనక ఏడ్చే గిటార్ లేకపోతే ఈ ఏడాది నేను గట్టెక్కేదాన్ని కాదు" అని రాసింది. దాని కింద వాదిరాజ్, "ఆ పాటల గిటార్ బిల్కుల్ లేదు. విన్నోళ్ళు చెవుల డాక్టర్‌కు చూపెట్టుకోండ్రి" అని రాశాడు. గ్రూపంతా పడీపడీ నవ్వింది.

"అది రాసింది నేనని తెలిసే రాశావా?"

"తెలిసే రాసిన. పాట కాడ చుట్టరికం ఏంది?"

"మా వదిన కూడా నవ్వే బొమ్మ పెట్టింది."

"మీ వదినకు సంగీతం తెలుసన్నట్టు."

మైక్‌సెట్ మాట్లాడదామని కూతురితో వచ్చిన శ్రీరాములు గారు ప్లాస్టిక్ కుర్చీలో కూచుని టీ ఊదుకుంటున్నారు. "ఉందంటే ఉందనేస్తే పోయేదేముంది బాబూ? ఆ గిటారేమన్నా మనింటికొచ్చి అన్నం పెట్టమంటుందా?"

"అట్ల కాదు మామా. మీరే వినుండ్రి, మీరే తీర్పు చెప్పుండ్రి."

పాట పెట్టాడు. మనిషెత్తు స్పీకర్ పెట్టెలు గర్జించాయి. డ్రమ్ములు దద్దరిల్లాయి, గొంతు లేచింది, గోడ మీది క్యాలెండర్ వణికింది. పాట అయిపోయింది.

"ఏదీ గిటార్?" అన్నాడు వాదిరాజ్, కేసు గెలిచిన లాయర్‌లా.

"నాకూ ఏమీ వినపళ్ళేదమ్మా," అన్నారు శ్రీరాములు గారు బాధగా. "డోలు మాత్రం బాగా కొట్టాడు."

శ్రావ్య ముఖంలో కోపం ఒక్క క్షణం పక్కకు తప్పుకుంది. దాని వెనక భయం కనబడింది. మళ్ళీ కోపమే వచ్చి తలుపేసుకుంది.

"అమ్మని ఐసీయూలో పెట్టినప్పుడు బయట బెంచీ మీద కూచుని ఈ పాటే విన్నాను. మాటలేవీ బుర్రకెక్కలేదు. ఆ గిటారే పట్టుకుని కూచున్నాను. నేను పట్టుకున్నది అసలు లేనే లేదంటున్నావు. రేపు నొప్పిగా ఉందంటే, ఏదీ నొప్పి, మీ నాన్న తీర్పు చెప్పాలి అంటావా? లే నాన్నా. ఆదివారం ఏమీ వద్దు."

శ్రీరాములు గారి టీ గ్లాసు గాల్లోనే ఆగిపోయింది.

ఆమె గడప దాటింది. దాటి, తనకే అనుమానం వచ్చినట్టు మెట్టు మీద ఆగి, ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని అదే పాట విన్నది. అంతే, గిరుక్కున తిరిగి వచ్చి ఒక ఇయర్‌ఫోన్ ఊడబీకి వాదిరాజ్ చెవిలో కుక్కింది.

"విను. ఇప్పుడు మోగుతోంది."

చిన్న తీగ. ఇద్దరి తలలూ దగ్గరికి రాక తప్పలేదు. వానలో ఒకే గొడుగు కింద ఇరుక్కున్న రెండు పిల్లుల్లా గుర్రుమనుకున్నారు.

"లేదు," అన్నాడు వాదిరాజ్.

"నా చెవిలో ఏడుస్తోంది కదా."

"నా చెవిల లేదంటె లేదు."

అన్నాక అతనిలోని మైక్‌సెట్ మనిషికి చురుక్కుమంది. "ఇట్ల ఇయ్యి," అని ఆమె చెవిలోది తీసి తన చెవిలో పెట్టుకుని, తనది ఆమెకిచ్చాడు.

గిటార్. సన్నగా, తడిగా, ఎవరో గొంతు నొక్కిపట్టుకుని ఏడ్చినట్టు. ఇప్పుడది ఆమెకు వినబడడం లేదు.

వాదిరాజ్ ముఖం పీకేసిన ఫ్యూజులా నల్లబడింది. స్టీరియో పాటకు ఎడమ చెవికొక తీగ, కుడి చెవికొక తీగ ఉంటాయి, ఒక దాంట్లో మోగేది రెండో దాంట్లో మోగకపోవచ్చు. ఊరేగింపుల ఊరంతా ఒక్కటే వినాలె గదా అని తాత ఎడమ తీగనే పెట్టెలకు కలిపి, కుడి తీగ కత్తిరించి టేపు చుట్టేవాడు. తండ్రీ అంతే. వాదిరాజ్ దుకాణంలో, ఇంట్లో, వ్యాన్‌లో కూడా అట్లాగే కలిపాడు. 'ఎండ'లో గిటార్ రెండు తీగల్లోనూ మోగింది. 'నీడ'లో దాన్ని మొత్తం కుడికి తోశారు. ఎడమ తీగ ఒక్కటి నమ్ముకుని, ఆ గిటార్‌నూ ఈ పిల్లనూ ఎడం చేసుకున్నాడు.

"కుడి తీగ నేనే కోసిన," అన్నాడు. అంత చిన్న గొంతు ఆ దుకాణంలో ఎవరూ విని ఉండరు.

శ్రావ్య తన చెవిలోది కూడా తీసి అతని చేతిలో పెట్టింది. "రెండూ పెట్టుకో. మొత్తం విను."

విన్నాడు. ఆమె అతని ముఖం చూస్తూ నిలబడింది. పాట అయ్యేసరికి అతని కళ్ళు గిటార్ పక్షం చేరిపోయాయి.

"బెంచీ మీద ఒక్కదానివే ఉంటివా?"

"నీకు ఫోన్ చేశాను. ఊరేగింపులో ఉన్నాను, వినబడట్లేదు అని పెట్టేశావు."

అతను ఫోన్ తీసి అందరూ చూసేలా గ్రూపులో రాశాడు: "గిటార్ ఉంది. సగం పాట విని తీర్పు చెప్పిన. డాక్టర్‌కు చూపెట్టుకోవాల్సింది నేను. శ్రావ్యను చూసి నవ్వినోళ్ళు ఇప్పుడు నన్ను చూసి నవ్వుండ్రి."

ఆమె చదివింది. కోపం పోలేదు. కానీ అతని చెవుల్లోంచి తీగ తీసుకునేటప్పుడు, అవసరమైన దానికంటే నెమ్మదిగా తీసింది.

శ్రీరాములు గారు గొంతు సవరించుకున్నారు. "ఇంతకీ ఆదివారం సంగతేంటమ్మా?"

"నిశ్చితార్థమే నాన్నా," అంది శ్రావ్య. "మైక్‌సెట్ మాత్రం వేరేవాళ్ళది మాట్లాడు."