సణిగినవాళ్ళ ప్రార్థన

శనివారం పొద్దున అకనేసి పెరట్లో కూర్చుని కొబ్బరి కోరుతోంది. పక్కన చేమాకుల మోపు, అరటాకులు, గోనెసంచిలో కర్రపెండలం. రేపటి వంటకి కావలసినవన్నీ ఈ రోజే సర్దిపెట్టుకోవాలి. ఈ తొంగా దీవుల్లో ఆదివారం పొద్దున్నే గుంటపొయ్యిలో వంట పెట్టి మట్టితో మూసి చర్చికి వెళ్ళడం తప్ప మరో పని ఎవరూ పెట్టుకోరు.

వరండాలో పాస్టరు కెపుయేలి ప్రసంగం రాసుకుంటున్నాడు. రాసుకుంటున్నాడనడమే గానీ కాగితం తెల్లగానే ఉంది. పొద్దెక్కుతున్నా ఇలా ఖాళీ కాగితంతో కూర్చోవడం ముప్ఫయ్యేళ్ళలో ఇదే మొదటిసారి.

గాలి స్తంభించిపోయింది. ఒక్క కొబ్బరాకూ కదలడం లేదు. రాత్రి పట్నంలో ఎవరిదో పెద్ద అధికారి కారు తగలబడిందని రొట్టెలు తెచ్చినవాడు చెప్పి వెళ్ళాడు.

"ఏమండీ, ఆ కాలిన రబ్బరు కంపు నిజంగానే వస్తోందా, నాకే అనిపిస్తోందా?" అంది అకనేసి.

"వస్తోంది," అన్నాడు కెపుయేలి తలెత్తకుండా.

లోపలినుంచి కూతురు లెసియేలి వచ్చింది. సమ్మెలో కట్టుకునే నల్ల బట్టలు, తొంగావాళ్ళ మర్యాద ప్రకారం నడుముకి చుట్టుకున్న చాప. ఊరి బళ్ళో టీచరు. బడి మూతపడి ఇది అయిదో వారం. టీచర్లు, నర్సులు, ఆఫీసులు ఊడ్చేవాళ్ళు అందరూ పట్నంలో సముద్రపుటొడ్డు మైదానంలోనే పొద్దస్తమానం కూర్చుంటున్నారు. పైవాళ్ళ జీతాలు తాటిచెట్టంత పెరిగాయి. కిందివాళ్ళు అడిగితే ఖజానా ఖాళీ అన్నారు. గొడవంతా అక్కడ మొదలైంది.

"నాన్నా," అంది లెసియేలి. "మైదానంలో మాకు ప్రార్థన చేసే పాస్టరుగారు జ్వరంతో పడుకున్నారు. మీరు వస్తారేమోనని అందరూ అడుగుతున్నారు."

"అందరూ అంటే ఎవరు? నువ్వేనా?"

"నేను కూడా."

కెపుయేలి జవాబు చెప్పే లోపే వీధిలో కారు ఆగింది. ఈ ఊరి భూములన్నిటికీ యజమాని దొరగారి నల్లకారు. అందులోంచి కర్ర పట్టుకుని సిసీలియా దిగింది.

అకనేసి కొబ్బరి చేతులు బట్టకి తుడుచుకుని గబగబా లేచి మంచి చాప పరిచింది. సిసీలియా కెపుయేలికి అక్క. ఆడపడుచు గడపలోకి వస్తే ఇంట్లోవాళ్ళందరూ ఆమెకన్నా కిందే కూర్చుంటారు. అన్నదమ్ముల పిల్లలకి ఆవిడ మాటే శాసనం. పైగా దొరగారింట్లో పెత్తనమంతా ఆవిడదే. చర్చికి కొత్త కప్పు వేయించింది దొరగారు. పాస్టరు ఇల్లున్న స్థలం కూడా ఆయనిచ్చిందే.

"కాఫీ కలపనా వదినా?"

"వద్దమ్మా. చెప్పాల్సింది చెప్పి పోతాను." సిసీలియా కూర్చుని ఊపిరి తీసుకుంది. "తమ్ముడూ, రేపు దొరగారు చర్చికి వస్తున్నారు. పై అధికారులకు లోబడి ఉండమనే వాక్యం మీద నువ్వు మాట్లాడాలి. సమ్మె పాపమని చెప్పాలి. ఆయన మాటగా చెబుతున్నాను."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే వచ్చే చర్చి సభలో నీ బదిలీ ఏ దీవికో నన్నడక్కు. అది సరే, అసలు మాట వేరే ఉంది." ఆవిడ గొంతు తగ్గించింది. "సోమవారం పొద్దున మైదానానికి పోలీసు ట్రక్కులు వస్తాయిట. ఖాళీ చేయిస్తారు. భోజనాల బల్ల దగ్గర నా చెవులతో విన్నాను. పిల్లని ఇక పోనివ్వకు."

అకనేసి చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. లెసియేలి వరండా మెట్టుమీద తలొంచుకునే కూర్చుంది గానీ మాట మాత్రం ఆపలేదు.

"మేం రాళ్ళు విసరడం లేదత్తయ్యా. కీర్తనలు పాడుతున్నాం."

"ఆ కారు కీర్తనలకే తగలబడిందా?"

"అది మావాళ్ళ పని కాదు."

"గుంపులో ఎవరి పని ఏదో దేవుడికి కూడా లెక్క తెలీదే పిచ్చిదానా! దేవుణ్ణి చర్చిలో ఉండనివ్వండి. రోడ్డు మీదికి ఈడ్వకండి."

"పశువుల పాకలో పుట్టినవాడికి రోడ్డు కొత్తా?"

"లెసియేలీ!" కెపుయేలి గద్దించాడు. "అత్తయ్య ముందు ఆ నోరేమిటి? ఎడారిలో ఇశ్రాయేలీయులు కూడా ఇలాగే సణిగారు. తిండి చాలదని, నీళ్ళు లేవని. దేవుడికి కోపం తెప్పించారు. మీరు చేస్తున్నదీ అదే."

లెసియేలి తండ్రి ముఖంలోకి చూసింది. "ఆకాశంనుంచి మన్నా రొట్టె కురిసింది కూడా సణిగినవాళ్ళకే కదా నాన్నా."

 ఆ పిల్లే మళ్ళీ అంది, ఈసారి నెమ్మదిగా. "మా బడి ఊడ్చే మెలియామె మైదానంలోనే ఉంటోంది. చర్చికి రావడం మానేసి ఏడాది అవుతోంది. ఎందుకో మీరు ఎప్పుడైనా అడిగారా?"

కెపుయేలి పెన్నుకి మూత పెట్టాడు.

పోయినేడు చందా పండుగనాడు ఒక్కో ఇంటి పేరూ, ఇచ్చిన మొత్తమూ వేదిక మీదినుంచి ఆయనే చదివాడు. ఏటా ఆయనే చదువుతాడు. భర్త పోయిన మెలియామె అందరికన్నా తక్కువ ఇచ్చిందని పేరు పడకూడదని, తన నాయనమ్మ నేసిన పెళ్ళిచాప అమ్మేసింది. కూతురి పెళ్ళికి బంగారంలా దాచిన చాప అది. ఆమె పేరు చదివినప్పుడు కెపుయేలి "చూడండి, విధవరాలి విశ్వాసం!" అని అందరిచేత చప్పట్లు కొట్టించాడు. ఆ రాత్రే అకనేసి చాప సంగతి చెప్పింది. "దేవుడు చూసుకుంటాడులే," అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

"ఆమె పిల్ల బళ్ళో పక్కపిల్లల డబ్బాల్లోంచి తింటోంది నాన్నా. జీతం పెంచమని ఆమె అడిగితే సణుగుడు. ఉన్నదంతా ఊడ్చి మనకిస్తే విశ్వాసం."

"లోపలికి పో!" అన్నాడు కెపుయేలి. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

లెసియేలి లోపలికి పోలేదు. అత్త పాదాల దగ్గర నేలకి తల ఆనించి, "మీ మాట దాటుతున్నాను, క్షమించండి," అని లేచి వీధిలోకి నడిచింది. సిసీలియా కర్రని రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉండిపోయింది. మేనకోడలు తన మాట కాదనడం ఆవిడ ఎరగదు.

"బొడ్డు కోసిన దగ్గర్నుంచి నా ఒళ్ళో పెరిగిన పిల్లరా," అంది చివరికి. "దానికేదైనా అయితే నిన్ను వదలను."

ఆదివారం చర్చి నిండింది. దొరగారు ముందు వరసలో, ఆయన వెనక సిసీలియా. పాటగత్తెల వరసలో లెసియేలి చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఎవరూ కూర్చోలేదు. కిటికీల అవతల ఆకాశం బూడిదరంగుకి తిరిగింది. జనం విసనకర్రలు ఊపుతున్నారు గానీ ఎవరూ పక్కవాళ్ళతో గుసగుసలాడటం లేదు.

కెపుయేలి తనకి చెప్పిన వాక్యం చదివాడు. మొదటినుంచి చివరిదాకా, ఒక్క అక్షరం పొల్లు పోకుండా. దొరగారు తల పంకించారు. తర్వాత కెపుయేలి పుస్తకం మూశాడు. వేదిక అంచు రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఈ వాక్యం చదవమన్నారు, చదివాను. సమ్మె పాపమని చెప్పమన్నారు. పాపం గురించి చెప్పే ముందు నా పాపం చెప్పాలి. పోయినేడు ఇక్కడే నిలబడి మెలియామె పేరు చదివాను. ఆమె ఏం అమ్ముకుని ఇచ్చిందో ఆ రాత్రే నాకు తెలిసింది. తెలిసీ నిద్రపోయాను. లేనివాడి చేత పోటీపడి ఇప్పించాను. ఉన్నవాణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టాను. ఈ దేశంలో పైవాళ్ళు చేసిందీ, ఈ చర్చిలో నేను చేసిందీ ఒకటే. మైదానంలో కూర్చున్నవాళ్ళకి లోబడమని చెప్పే అర్హత నాకు లేదు. ఈ రోజు చందా ఎత్తం."

విసనకర్రలు ఆగిపోయాయి. దొరగారు లేచారు.  అడుగులో అడుగు వేసుకుంటూ బయటికి నడిచారు. ఆయన ఇంటివాళ్ళు లేచారు. సిసీలియా ఒక్క క్షణం తమ్ముడి వైపు చూసి, ఆవిడా లేచి వెళ్ళిపోయింది.

కెపుయేలి ఇంటికొచ్చి గుంటపొయ్యి దగ్గర కూలబడ్డాడు. అకనేసి మట్టి తీసి, ఆకులు తొలగించి, ఆవిర్లు కక్కుతున్న లూ పొట్లాలు బయటికి తీసింది. చేమాకుల్లో కొబ్బరిపాలు, మాంసం కట్టి ఉడికించినవి. ఇద్దరికీ ముద్ద దిగలేదు.

"ఇల్లు ఖాళీ చెయ్యమంటారేమో," అంది.

"అంటారు."

"పోనీలెండి," అంది అకనేసి. ఒక పొట్లం పక్కకి పెట్టి, "ఆ రాత్రి నేనింకా గట్టిగా చెప్పాల్సింది. మీరు అటు తిరిగితే నేనూ అటే తిరిగాను," అంది.

వీధిలో కర్ర చప్పుడైంది. సిసీలియా ఒక్కతే నడిచి వచ్చింది. చెప్పులకి దుమ్ము, ముఖమంతా చెమట.

"కారేది వదినా?"

"నాకు కారేమిటి ఇక!" ఆవిడ ఆయాసపడుతూ తమ్ముడికి ఎదురుగా నిలబడింది. "లేవరా. సోమవారం దాకా ఆగరట. ట్రక్కులు ఈ సాయంత్రమే. ఆదివారమైతే జనం ప్రార్థనలో ఉంటారు, లేవడానికి కాళ్ళు రావు అన్నారు. దొరగారింట్లో నా ముందే అన్నారు. ఆదివారం జాలరి కూడా పడవ కట్టెయ్యాల్సిన దేశంలో! అకనేసీ, ఆ పొట్లాలు బుట్టలో సర్దు. పిల్ల ఆకలితో ఉంటుంది."

ముగ్గురూ నడిచారు. దారిలో ఇళ్ళన్నీ తలుపులు వేసుకుని ఉన్నాయి. కుక్కలు కూడా అరవలేదు. పట్నం దగ్గరయ్యే కొద్దీ పాట వినిపించింది. ముందు సముద్రపు హోరనుకున్నాడు కెపుయేలి. వందల గొంతులు నాలుగు స్థాయిల్లో పాడుతున్న కీర్తన అది. ఆ పాటని ఆయన వేలసార్లు పాడించాడు. ఆకలితో ఉన్నవాళ్ళు పాడితే ఎలా ఉంటుందో ఇప్పుడే విన్నాడు.

లెసియేలి పరుగున వచ్చి బుట్ట అందుకుంది. తండ్రిని చూసి, "ఇంతదూరం నడిచి వచ్చారా?" అంది.

"మెలియామె ఎక్కడమ్మా?"

ఆమె ఒక డేరా నీడలో కూర్చుని ఉంది. కెపుయేలి వెళ్ళి ఎదురుగా గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. క్షమించమన్నాడు. మెలియామె తన చేతుల వైపు చూసుకుంది.

"చాప పోయింది పాస్టరుగారూ. అది ఇక రాదు. మా అమ్మాయి పెళ్ళి అది లేకుండానే అవుతుంది." తలెత్తింది. "ఇవాళ కూడా నా పేరు చదివారట. ఇక ఎప్పుడూ చదవకండి."

"చదవను."

ఆమె పక్కకి జరిగి డేరా నీడలో కాస్త చోటిచ్చింది.

పొద్దు వాలుతుండగా ఇంజన్ల చప్పుడు వినిపించింది. ఆదివారం ఆ చప్పుడు వినడం అలవాటు లేని చెవులకి అది ఉరుములా తగిలింది. నాలుగు ట్రక్కులు. లాఠీలతో పోలీసులు దిగి వరసగా నిలబడ్డారు. పాట తెగిపోయింది. ఎక్కడో పసిపిల్ల ఏడుపు అందుకుంది.

"నాన్నా," అంది లెసియేలి. "ప్రార్థన చెయ్యండి. మమ్మల్ని పరుగెత్తనివ్వకండి. పరుగెత్తితే కొడతారు."

కెపుయేలి లేచి నిలబడి ప్రార్థన మొదలుపెట్టాడు. అలంకారాలేవీ నోటికి రాలేదు. "ప్రభువా, వీళ్ళు అడిగేది రొట్టె. అడగడం నేర్పింది నువ్వే. ఆ లాఠీలు పట్టుకున్న పిల్లలు కూడా నీవాళ్ళే. వాళ్ళ చేతుల్ని పాపంలో పడనివ్వకు."

అప్పటికే సిసీలియా జనాన్ని దాటి ముందుకి పోయి, పోలీసులకి పది అడుగుల దూరంలో గడ్డి మీద చతికిలబడింది. అధికారి ఒక యువకుణ్ణి ముందుకి పంపాడు. వాడు దగ్గరికొచ్చి చటుక్కున ఆగిపోయాడు.

"అత్తయ్యా," అన్నాడు సన్నగా. "పక్కకి జరగండత్తయ్యా."

"నువ్వట్రా మహే? మీ అమ్మ నిన్ను కన్నప్పుడు మొట్టమొదట ఎత్తుకున్నది నేను. మీ నాన్న నా రెండో తమ్ముడు. ఆ వరసలో నా మేనల్లుళ్ళు ఇంకా నలుగురున్నారు, చూస్తూనే ఉన్నాను. రా, నన్ను లేపు. చెయ్యి వెయ్యి."

మహే చెయ్యి వెయ్యలేదు. అత్త తలకన్నా తన తల ఎత్తులో ఉందని అప్పుడే తట్టినట్టు మోకాళ్ళ మీదికి దిగాడు. వరసలోంచి మరొకడు టోపీ తీశాడు. అధికారి అరిచాడు, మళ్ళీ అరిచాడు. తర్వాత ట్రక్కు దగ్గరికి పోయి చాలాసేపు ఎవరితోనో ఫోనులో మాట్లాడాడు. చీకటి పడేలోగా వాళ్ళు వెనక్కి ఎక్కారు. పోతూ పోతూ అధికారి అన్నాడు. "ఇవాళ్టికి పోతున్నాం. రేపటి సంగతి నేను చెప్పలేను."

అది బెదిరింపో, భయమో ఎవరికీ అర్థం కాలేదు. పట్నం అవతలి కొసన మళ్ళీ ఎక్కడో పొగ లేస్తోంది. అకనేసి వెళ్ళి ఆడపడుచు చెయ్యి పట్టుకుని లేపితే, ఆవిడ లేస్తూనే బుట్ట కోసం చూసింది. "పొట్లం ఒకటి ఇవ్వవే," అంది. "పొద్దుట్నుంచి తినలేదు."

లెసియేలి తండ్రి పక్కకి వచ్చి కూర్చుంది.

"ప్రార్థన చేస్తున్నంతసేపూ మిమ్మల్నే చూశాను నాన్నా. మీరు కళ్ళు మూసుకోలేదు."

"ముప్ఫయ్యేళ్ళు మూసుకున్నానమ్మా," అన్నాడు కెపుయేలి. "ఇవాళ మూసుకుంటే నువ్వు ఎటు పోతావోనని భయమేసింది."

 ఆయన ముఖం తిప్పుకోబోతే కూతురు తిప్పుకోనివ్వలేదు. తన నడుముకున్న చాప అంచుతోనే ఆయన కళ్ళు తుడిచింది.